గుంజాల ప్రతులు, మన గోడపత్రిక



నార్నూర్ మండలం గుంజాలలో గోండి లిపి రాతప్రతులను పెద్దలు దాచారు కాబట్టే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వాళ్లు చూడగలిగారు. 2018లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది.

మన హాస్టల్ గోడపత్రికకు మేం రాయమంటే మొదట్లో అందరూ కొమురం భీం పాఠమే దించారు. 1940, జోడేఘాట్, అంతే. ఒక అమ్మాయి మాత్రం ఊరు ఎక్కడినుంచి లేచి వచ్చిందో అవ్వనడిగి రాసింది. కింద అవ్వ పేరు వేయలేదు, తేదీ వేయలేదు. మేమూ అడగలేదు, తప్పు మాదే. ఆ కాగితం వానకు పోయింది. అవ్వ కూడా ఇప్పుడు లేదు.

రేపు మీరు యూనివర్సిటీలో క్యాంపస్ పత్రికకు రాసినా, చరిత్రలో పీహెచ్‌డీ చేసినా ఎవరు చెప్పారు, ఎక్కడ, ఎప్పుడు అన్నది తప్పక రాయండి. సెలవులకు వచ్చేటప్పుడు ఒక జిరాక్స్ మాకు తెండి. ఆఫీసు బీరువాలో ఒక అర ఖాళీ చేసి పెట్టాం.