ఆరిపోతున్న రేడియో గెలాక్సీలు



కొన్ని గెలాక్సీల నడిమధ్య ఉన్న భారీ కృష్ణబిలం రెండు వైపులా కణాల ధారలను చిమ్ముతుంది. అవి గెలాక్సీని దాటి, లక్షల కాంతి సంవత్సరాల మేర రెండు మేఘాలుగా పరుచుకుని రేడియో తరంగాలను వెలువరిస్తాయి. కృష్ణబిలానికి మేత కరువైతే ధారలు ఆగిపోతాయి. మేఘాలు మాత్రం కోట్ల ఏళ్లపాటు మెల్లగా మసకబారుతూ ఉంటాయి. ఇవే అవశేష రేడియో గెలాక్సీలు.

వీటిని పట్టేదెలా? దుబారా మనిషి సొమ్ము ముందే కరిగినట్టు, మేఘాల్లో ఎక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు వెలువరించే, ఎక్కువ శక్తి ఉన్న ఎలక్ట్రాన్లు ముందుగా నీరసిస్తాయి. అందుకే ఎక్కువ ఫ్రీక్వెన్సీల్లో కనిపించని మేఘాలు తక్కువ ఫ్రీక్వెన్సీల్లో ఇంకా కనిపిస్తాయి.

తక్కువ ఫ్రీక్వెన్సీల్లో సాగే ఈ వేటకు పుణె జిల్లా ఖోడద్‌లోని జీఎంఆర్‌టీ అనే రేడియో టెలిస్కోపు తగిన సాధనం. ఒక్కొక్కటి 45 మీటర్ల వ్యాసమున్న 30 యాంటెన్నాలు సుమారు 25 కిలోమీటర్ల మేర విస్తరించి, ఒకే టెలిస్కోపులా పనిచేస్తాయి. నెదర్లాండ్స్ కేంద్రంగా ఉన్న లోఫార్ రేడియో టెలిస్కోపు కూడా ఇదే పనిలో ఉంది.

వేర్వేరు ఫ్రీక్వెన్సీల్లో మేఘం ప్రకాశాన్ని పోల్చి, ధారలు ఎప్పుడు ఆగాయో శాస్త్రవేత్తలు అంచనా వేస్తారు. కొన్నిచోట్ల పాత మేఘాల నడుమ కొత్త ధారలూ కనిపించాయి. అంటే నిద్రపోయిన కృష్ణబిలం మళ్లీ మేల్కొనగలదన్నమాట!