చట్టం చదువు - ఖర్చెంత? ఫలమెంత?



ఎముక విరిగితే కట్టు కట్టించుకోవడానికి ఎక్కడెక్కడి వాళ్ళో మా పుత్తూరు వస్తారు. ఈ సంగతి మీలో చాలామందికి తెలిసిందే. కానీ అదే పుత్తూరులో ఒక ఇల్లాలికి కోర్టు నోటీసు వస్తే, ఆ కాగితంలో ఏముందో చదివి చెప్పే మనిషి కోసం నాలుగు వీధులు తిరగాల్సి వస్తుంది.

మా చెల్లెలు ఈ లోటు చూసింది. ఒక ఆదివారం తన గాజుల జత చేతిగుడ్డలో చుట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"అక్కా, ఇవి కుదవ పెడితే ఎంతొస్తుందంటావు?"

"ఏమొచ్చిందే ఇప్పుడు?"

"పారాలీగల్ చదువులో చేరతా. మా ఆడబిడ్డ కూతురు అమెరికా నుంచి ఫోన్ చేసి చెప్పింది, అక్కడ ఆ చదువుకు మంచి జీతమంట."

గాజులు పక్కన పెట్టించి, పాల లెక్కల పుస్తకం వెనక పేజీలో ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. ఆ లెక్కే ఈవేళ మీకు చెప్పదలచాను.

ముందు ఆ పని మన దగ్గర ఏమిటో చూడాలి కదా! అమెరికాలో పారాలీగల్ అంటే న్యాయవాది ఆఫీసులో జీతానికి చేసే ఉద్యోగం. మన ఊళ్ళలో దానికి దగ్గరగా ఉన్నది వకీలు గుమాస్తా పని. దావా కాగితాలు సర్దడం, నకళ్ళకు అర్జీ పెట్టడం, వాయిదాలు రాసుకోవడం అన్నీ పక్కనుండి నేర్చుకునేవే. దానికి డిప్లొమా ఎవరూ అడగరు. ఇక కోర్టులో వాదించే హక్కు, 1961 నాటి అడ్వొకేట్ల చట్టం ప్రకారం, న్యాయవాదిగా పేరు నమోదైన వారికే. ఎంత మంచి మార్కులతో పాసైనా డిప్లొమాతో వకాలత్తు వెయ్యడానికి లేదు.

అట్లాగని ఆ చదువు దండగ అనను. ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇంటర్ పాసైన వాళ్ళకు ఏడాది పారాలీగల్ డిప్లొమా పెట్టింది. ఇంటిపట్టున ఉండి చదువుకోవచ్చు. ఫిర్యాదు ఎట్లా రాయాలి, దస్తావేజు ఎట్లా చూడాలి అనే తెలివి వస్తుంది. ఉద్యోగం వస్తుందన్న హామీ మాత్రం లేదు. అందుకని నా మాట ఒకటే: అది దాచుకున్న డబ్బుతో చదవాల్సిన చదువు. గాజులు కుదవ పెట్టి చదవాల్సిన చదువు కాదు.

రెండో దారి, పూర్తి లా డిగ్రీ. డిగ్రీ పాసై లాసెట్ రాస్తే మూడేళ్ళు. పోస్టులో చదివే లా డిగ్రీతో న్యాయవాదిగా నమోదు కాలేరు. కాలేజీకి పోవాలి, నూటికి 70 వంతులు హాజరు ఉండాలి. పుత్తూరు నుంచి తిరుపతికి 35 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఫీజు ఒక్కటే లెక్కలోకి రాదు. మూడేళ్ళ రైలు చార్జీలు, పుస్తకాలు, మధ్యాహ్నం అత్తగారికి అన్నం పెట్టేదెవరు, బడి నుంచి వచ్చిన పిల్లలకు తలుపు తీసేదెవరు అన్నవన్నీ వెయ్యాలి.

ఇంకో చిక్కు ఉంది. పదో తరగతి, ఇంటర్ లేకుండా నేరుగా సార్వత్రిక విశ్వవిద్యాలయంలో డిగ్రీ చేసిన వాళ్ళను బార్ కౌన్సిల్ నియమాలు లాలో చేరనివ్వవు. ఫీజు కట్టకముందే ఇది చూసుకోండి. నమోదు రుసుము సంగతికొస్తే, చట్టంలో ఉన్నది 750 రూపాయలు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి 125. అంతకు మించి తీసుకోరాదని సుప్రీంకోర్టు 2024 జూలైలో తీర్పు చెప్పింది. ఆ తర్వాత బార్ పరీక్ష. ఆపైన సీనియరు దగ్గర జూనియరుగా చేసే తొలి సంవత్సరాల్లో చాలామందికి వచ్చేది చేతిఖర్చులకే సరిపోతుంది. పదేళ్ళ ఓపిక ఉంటేనే ఈ దారి.

మూడోది ఖర్చు లేని దారి. జాతీయ న్యాయసేవల సంస్థ 2009లో పారాలీగల్ వాలంటీర్ల పథకం పెట్టింది. పదో తరగతి చాలు. శిక్షణ వాళ్ళే ఇస్తారు. నెలజీతం ఉండదు, పని చేసిన రోజుకు కొంత గౌరవభృతి. వచ్చిన వాళ్ళ దగ్గర పైసా తీసుకోరాదు.

మా చెల్లెలు గాజులు మళ్ళీ చేతికి వేసుకుని ఈ శిక్షణకే పోయింది.

కొన్నాళ్ళకు వాళ్ళ వీధిలో ఒకామెను అన్నదమ్ములు కాగితం మీద సంతకం పెట్టమన్నారు. "ఊరికే, ఆఫీసు పని" అన్నారట. చెల్లెలు చదివి చూస్తే అది తండ్రి ఆస్తిలో హక్కు వదులుకునే విడుదల పత్రం. హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతురికి మన రాష్ట్రం 1985లోనే, అప్పటికి పెళ్ళికాని వాళ్ళ వరకు, కొడుకుతో సమాన హక్కు ఇచ్చింది. 2005లో దేశమంతటికీ అది వచ్చింది. "రెండు దినాలు గడువు అడుగు వదినా" అని చెప్పి, ఆమెను కోర్టు ఆవరణలోని న్యాయసేవల కమిటీకి తీసుకుపోయింది. ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇవ్వాలని 1987 చట్టంలోనే ఉంది. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు.

ఆమె సంతకం పెట్టలేదు. ఆ అన్నదమ్ములు మాత్రం మా చెల్లెలితో మాటలు మానేశారు. పెళ్ళికి పిలవలేదు. కుళాయి దగ్గర వాళ్ళ ఆడవాళ్ళు ముఖం తిప్పుకుంటారు. ఈ ఖర్చు మేము పాల పుస్తకంలో వెయ్యలేదు!

"బాధగా ఉందా?" అని అడిగాను. "ఉంది. అయినా ఆ కాగితం నేను చదవకుంటే ఎవరు చదివేవాళ్ళక్కా?" అంది. ఈ ఏడు లాసెట్ రాస్తానంటోంది. ఇంటర్ తర్వాతే డిగ్రీ చేసింది గనుక అడ్డంకి లేదు. మధ్యాహ్నం అన్నం వడ్డించే పని మా మరిది ఒప్పుకున్నాడు.

చెల్లెళ్ళారా, చదువులో చేరేముందు మీరూ ఒక పేజీ లెక్క వేసుకోండి. జీతం కోసమా, కోర్టులో నిలబడటం కోసమా, మన ఇంటి కాగితం మనమే చదువుకోవడం కోసమా? మూడింటికీ దారులు వేరు, ఖర్చులు వేరు. ఆ మూడోదానికైతే గాజులు తియ్యనక్కరలేదు.

సెలవు.