పచ్చి పూతకు జిగురు బలం
(ఆదివాసీ దినోత్సవ సభలో యువతీయువకులతో చేసిన ప్రసంగ పాఠం)

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీకు మాత్రం ఒక పని చెప్పడానికి వచ్చాం.

కొత్తగా సున్నం వేసిన గోడకు ఆనుకుంటే చొక్కా అంతా తెల్లబడుతుంది కదా. అందుకే మన పెద్దవాళ్లు సున్నంలో కాస్త తుమ్మబంక నానబెట్టి కలిపేవారు. అప్పుడు గోడ ఆరాక చేతికి అంటదు. మనం ఈ రోజు చెప్పుకునేది ఇంచుమించు ఇదే. కాకపోతే గోడ బదులు కుండ.

ఆవకాయ జాడీ అందరిళ్లలోనూ ఉంటుంది. దాని మీద నున్నటి మెరుపు ఉంటుంది చూశారా, దాన్ని గ్లేజు అంటారు. ఉప్పు, పులుపు, నూనె ఏవీ లోపలికి ఇంకకుండా ఆపే గాజుపూత అది. చెకుముకి రాయి లాంటి సిలికా, ఫెల్డ్‌స్పార్, తెల్లమట్టి మెత్తగా నూరి నీళ్లలో కలుపుతారు. ఒకసారి కాల్చిన పాత్రను అందులో ముంచి తీస్తే నీళ్లను పాత్ర పీల్చేసుకుంటుంది, పొడి పైన నిలిచిపోతుంది. రెండోసారి బట్టీలో పెడితే ఆ పొడి కరిగి గాజవుతుంది.

చిక్కంతా ఈ రెండు కాల్పుల మధ్యనే. ఆరిన పూత అంటే వట్టి పిండి. వేలు తగిలితే రాలిపోతుంది. దాని మీద రంగుతో బొమ్మ వేద్దామంటే కుంచె పూతను లేపేస్తుంది. పాత్ర ఒక ఊళ్లో, బట్టీ ఇంకో ఊళ్లో అయితే మన లంక రోడ్ల మీద ఆటోలో తీసుకెళ్లేసరికి అంచులు బోసిపోతాయి. పూత రాలిన చోట కాల్చాక మట్టి కనబడుతుంది, ఆ పాత్రను ఎవరూ కొనరు. పైగా రాలే పొడిలో సిలికా ఉంటుంది. అది ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లోకి వెళితే ప్రాణం మీదకే వస్తుంది. ఆ పని చేసేవాళ్లు ముక్కుకు మాస్కు కట్టుకోవాలి, బల్లను తడిగుడ్డతో తుడవాలి గానీ చీపురు పట్టకూడదు.

అందుకే పూత కలిపేటప్పుడే జిగురు వేస్తారు. బండారులంకలో నేతవాళ్లు పడుగుకు గంజి పెట్టడం మీలో చాలామంది చూసే ఉంటారు. మగ్గం మీద దారం తెగకుండా గంజి కాపాడుతుంది, చీర ఉతికితే పోతుంది. ఇక్కడా జిగురు పని అంతే. నీళ్లు ఆరుతున్నకొద్దీ రేణువులను ఒకదానికొకటి, పాత్రకూ పట్టి ఉంచుతుంది. బట్టీలో గ్లేజు కరగడానికి చాలా ముందే కాలిపోతుంది, గాజులో ఏమీ మిగలదు. బెంటొనైట్ అనే బంకమట్టి కూడా కొద్దిగా కలుపుతారు. నూటికి రెండు పాళ్లు చాలు. అది కాలిపోదు, గ్లేజులోనే కలిసిపోతుంది. పొడి అడుక్కి దిగి గట్టిపడకుండా కూడా చూస్తుంది.

కర్మాగారాల్లో ఎక్కువగా సి.ఎం.సి. అనే పొడి వాడతారు. మొక్కల పీచు నుంచి తయారయ్యేదే అది. కిలో పొడి గ్లేజుకు అయిదు గ్రాములు. తుమ్మబంక అయితే పది గ్రాముల దాకా. బంకను నలగగొట్టి, గుడ్డలో మూటకట్టి రాత్రంతా నీళ్లలో వేలాడదీసి, పొద్దున్నే వడగట్టాలి. ఎక్కువేస్తే మేలు అనుకోకండి. జిగురెక్కువైతే పూత ఆరదు, మందమై బీటలిస్తుంది, కాల్చేటప్పుడు ఆ బీటల దగ్గర ముడుచుకుపోతుంది. గంజి, బెల్లం నీళ్లు కూడా పనిచేస్తాయి గానీ మన ఉక్కకు రెండు రోజుల్లో కంపు కొడతాయి. జిగురు ఏదైనా సరే, ఆ వారానికి సరిపడా కలుపుకోవడమే మంచిది.

ఇప్పుడు మన సంగతి. మా హాస్టల్లో ఎరుకుల, యానాది పిల్లలతో పాటు రంపచోడవరం, మారేడుమిల్లి వైపు నుంచి వచ్చిన కొండరెడ్డి పిల్లలు ఉన్నారు. వాళ్ల ఇళ్లలో తపసి జిగురు సేకరిస్తారు. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ దాన్ని కొంటుంది. పులిసిన వాసన వచ్చే ఆ జిగురును మందుల్లోనూ, కట్టుడుపళ్లు అంటించే పొడిలోనూ వాడతారు. ఇరాన్ వైపు నుంచి వచ్చే ట్రాగకాంత్ అనే జిగురు గ్లేజుల్లో పాతకాలం నుంచీ ఉన్నదే. దానికి బదులుగా మన తపసి జిగురు 'ఇండియన్ ట్రాగకాంత్' అనే పేరుతో విదేశాలకు వెళ్లింది. చెట్టెక్కి గాటుపెట్టి తెచ్చింది మనవాళ్లు, పేరు మాత్రం ఇంకెవరిదో. తుమ్మబంకలా ఇది నీళ్లలో పూర్తిగా కరగదు, ఉబ్బి జావలా అవుతుంది. కాబట్టి ఇంకా తక్కువ వేసి, పలచన చేసి చూడాలి.

చూశాం కూడా. మా పిల్లలు పెంకు ముక్కల మీద తెల్లమట్టి పూత వేశారు. కొన్నింటికి జిగురు లేదు, కొన్నింటికి తుమ్మబంక, కొన్నింటికి తపసి. బట్టీ లేదు కాబట్టి కాల్చలేదు, ఆరాక వేలితో రుద్దారంతే. జిగురు లేనిది వేలంతా తెల్ల చేసింది. మిగతా రెండింటి మీద ఒకమ్మాయి సవర బొమ్మల పద్ధతిలో కుంచెతో నెమలిని వేసింది, పూత లేవలేదు.

ఉన్నమాట చెప్పాలి. ఊళ్లో కుమ్మరి ఆవంలో గ్లేజు కరగదు. మామూలు గ్లేజుకే వెయ్యి డిగ్రీలు దాటిన వేడి నిలకడగా ఉండాలి, జాడీల రకానికైతే పన్నెండు వందలు. అందుకు వేరే బట్టీ, చదువుకున్న మనిషి కావాలి. గూడూరులో ప్రభుత్వ సిరామిక్ టెక్నాలజీ సంస్థ ఉంది. పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి డిప్లొమాలో చేరవచ్చు. ఆ పేరు మన పిల్లల కౌన్సెలింగ్ ఆప్షన్లలో కనబడదు. అమ్మాయినైతే అంత దూరం పంపరు, అబ్బాయినైతే రొయ్యల చెరువు కాపలాకో, గల్ఫ్‌కో పంపుతారు. నెమలి వేసిన అమ్మాయి ఈ ఏడాది పదో తరగతి. వాళ్ల నాన్నగారు ఈ సభలోనే ఉన్నారు. గూడూరు మాట ఆయనతో రెండుసార్లు మాట్లాడాం, ఆలోచిస్తానన్నారు. సభ అయ్యాక మూడోసారి మాట్లాడతాం. మీరు కూడా మాతో రండి.

పెంకు ముక్కలు బయట బల్ల మీద పెట్టాం. రుద్ది చూడండి, చేతులు కడుక్కునే భోజనానికి కూర్చోండి.