గుండె కాలువలో పూడిక

(చదువు కేంద్రంలో ఒక నర్సమ్మ చేసిన ప్రసంగం)



పొద్దంతా పని చేసి వచ్చారు. అయినా పుస్తకం పట్టుకుని కూర్చున్నారు. చాలా సంతోషం. నేను గుండె జబ్బుల వార్డులో చాలా ఏళ్ళు నర్సుగా పని చేశాను. అక్కడ చూసింది, నేర్చుకుంది చెబుతాను.

"మా ఆయనకు మూడు వాల్వులు మూసుకుపోయాయంట సిస్టరమ్మా!" అని చాలామంది ఏడుస్తూ వస్తారు. ముందు ఈ మాట సరిచేసుకుందాం. వాల్వు అంటే గుండె లోపలి తలుపు. రక్తం వెనక్కి పోకుండా ఆపే తలుపు. వీళ్ళకు మూసుకుపోయింది తలుపులు కాదు. గుండెకు రక్తం తెచ్చే నాళాలు. తలుపు జబ్బు వేరు, దాని ఆపరేషను వేరు. ఇవాళ మనం చెప్పుకునేది నాళాల సంగతి.

ఏదీ, మీ పిడికిలి బిగించండి. మీ గుండె ఇంచుమించు అంతే ఉంటుంది. రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. ఒళ్ళంతటికీ రక్తం పంపుతుంది. మరి గుండెకు తిండి ఎవరు పెడతారు? దాని నిండా రక్తమే కదా అంటారు. ఆ రక్తం గుండె కండకు అందదు. అందరికీ వడ్డించే తల్లికి కూడా ఎవరో ఒకరు అన్నం పెట్టాలి గదా! అలాగే గుండె పైన రెండు సన్నని నాళాలు పాకి ఉంటాయి. అవే గుండెకు రక్తం ఇస్తాయి. కుడివైపుది ఒకటి, ఎడమవైపుది ఒకటి. ఎడమది మొదట్లోనే రెండుగా చీలుతుంది. అందుకే డాక్టర్లు మూడు నాళాలని లెక్క చెబుతారు.

పంట కాలువలో పూడిక చేరడం మీకు తెలుసు. ఈ నాళాల గోడల్లోనూ కొవ్వు, సున్నం పేరుకుంటాయి. చుట్ట, బీడీ, షుగరు, బీపీ ఉన్నవాళ్ళకు తొందరగా పేరుకుంటాయి. కాలువ ఇరుకైతే ఏమవుతుంది? కూర్చున్నప్పుడు సరిపోయే రక్తం, బరువు మోసేటప్పుడు చాలదు. గట్టు ఎక్కితే ఎదలో బరువుగా, పట్టేసినట్టు ఉంటుంది. కాసేపు నిలబడితే తగ్గుతుంది. ఇది ఒక రకం.

రెండో రకం వేరు. ఆ పూడిక ఉన్నట్టుండి పగులుతుంది. దాని మీద రక్తం గడ్డ కడుతుంది. నాళం మూసుకుపోతుంది. అదే గుండెపోటు. అప్పుడు నిమిషాల లెక్క. కండకు రక్తం అందక అది చచ్చిపోతూ ఉంటుంది. వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఆస్పత్రిలో ఈసీజీ తీస్తారు. గడ్డ కరిగించే ఇంజెక్షను ఇస్తారు, లేదా నాళం తెరుస్తారు. అప్పుడు నాలుగు ఆస్పత్రులు తిరిగి అడిగే వ్యవధి లేదు. మొదటి రకంలో మాత్రం ఆగి అడిగే వ్యవధి చాలాసార్లు ఉంటుంది. ఈ తేడా తెలియక కొందరు ప్రాణం పోగొట్టుకుంటున్నారు. కొందరు పొలం పోగొట్టుకుంటున్నారు.

ఆడవాళ్ళ సంగతి విడిగా చెప్పాలి. మనకూ ఎదనొప్పే ఎక్కువగా వస్తుంది. కానీ కొందరికి దవడ లాగుతుంది. వీపు నొస్తుంది. ఆయాసం, చెమట, వాంతి వస్తాయి. "గ్యాసులే" అనుకుంటారు. ఒక తల్లి అలాగే అనుకుంది. సోడా తాగింది. వంట చేసింది. అందరికీ వడ్డించింది. మరునాడు మా దగ్గరికి వచ్చింది. ప్రాణం దక్కింది గానీ గుండె కండ కొంత చచ్చిపోయింది. ఇప్పుడు బిందె ఎత్తితే ఆయాసం. ఆమె పెనిమిటికి ఆ నొప్పి వచ్చి ఉంటే ఆ రాత్రే ఆటో కట్టించి ఉండేది. ఈ మాట ఆమే నాతో అంది.

పూడిక ఎక్కడుందో చూడటానికి యాంజియోగ్రాం చేస్తారు. ఇది పరీక్షే, ఆపరేషను కాదు. మణికట్టు దగ్గర గానీ, గజ్జ దగ్గర గానీ సన్నని గొట్టం పెడతారు. దాన్ని గుండె దాకా పంపుతారు. మందు వదిలితే నాళాలు టీవీలో కనబడతాయి. మనిషి మెలకువగానే ఉంటాడు.

ఆ తర్వాత మూడు దారులు. ఒకటి, మందులు. దీన్ని చాలామంది దారిగానే లెక్కపెట్టరు. "ఒట్టి మాత్రలేనా?" అంటారు. కానీ నొప్పి నిలకడగా ఉన్నవాళ్ళ మీద పెద్ద పరిశీలనలు జరిగాయి. 2007లో ఒకటి, 2020లో ఒకటి వెలువడ్డాయి. మంచి మందులతో బతికినవాళ్ళూ, మందులకు తోడు స్టెంటో బైపాసో చేయించుకుని బతికినవాళ్ళూ ఇంచుమించు సమానమే. నాళం తెరిస్తే నొప్పి మాత్రం బాగా తగ్గుతుంది. కాబట్టి పూడిక కనబడిన ప్రతి చోటా స్టెంటు వేయాలనేం లేదు. ఎడమ నాళం మొదట్లోనే పూడిక ఉంటే ఈ మాట చెల్లదు.

రెండోది స్టెంటు. మన ఊళ్ళలో "స్టంట్ వేశారు" అంటాం. అదే ఇది. గొట్టం చివర చిన్న బెలూన్ ఉంటుంది. ఇరుకు దగ్గర దాన్ని ఉబ్బిస్తారు. పూడిక పక్కకు నొక్కుకుపోతుంది. మళ్ళీ ముడుచుకోకుండా సన్నని జాలీ గొట్టం అక్కడ వదిలేస్తారు. అదే స్టెంటు. ఛాతీ కోయరు. రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపుతారు. ఈ బెలూన్ వైద్యం మొదట చేసింది గ్రూయెన్‌జిగ్ అనే డాక్టరు. 1977లో, స్విట్జర్లాండ్ దేశంలో చేశాడు. ఆ బెలూన్లను ఆయన తన వంటింట్లో కూర్చుని తయారు చేసుకున్నాడు. వంటింట్లో ఏమవుతుంది అనేవాళ్ళకు ఈ మాట చెప్పండి! మన హైదరాబాదులో డాక్టర్ సోమరాజు గారు, అబ్దుల్ కలాం గారు కలిసి 1990లలో చవక స్టెంటు తయారు చేయించారు. 2017లో ప్రభుత్వం స్టెంటు ధరకు హద్దు పెట్టింది. మందు పూసిన స్టెంటు అప్పుడు 29,600 రూపాయలకు మించకూడదని చెప్పింది. స్టెంటు ధర వేరు, ఆస్పత్రి ఖర్చు వేరు. బిల్లులో రెండూ విడివిడిగా చూడండి.

మూడోది బైపాస్ ఆపరేషను. కాలువకు అడ్డం పడితే పక్కనుంచి పిల్లకాలువ తవ్వి, అడ్డానికి దిగువన కలుపుతాం గదా. ఇదీ అంతే. పూడికను తీయరు. దాన్ని అక్కడే వదిలి, పక్క నుంచి కొత్త దారి కుడతారు. కొత్త నాళం ఎక్కడిది? ఛాతీ లోపలి గోడ నుంచి ఒకటి తీస్తారు. కాలు నుంచి, చేయి నుంచి కూడా తీస్తారు. ఛాతీ నాళం ఎక్కువ కాలం పని చేస్తుంది. కాలిది అంత కాలం రాదు. ఆపరేషనుకు ముందు "ఛాతీ నాళం వాడతారా డాక్టరుగారూ?" అని అడగండి. అడగవలసిన ప్రశ్నే అది.

కాలి సిరతో ఈ ఆపరేషనును 1967లో అమెరికాలో ఒక దారికి తెచ్చినవాడు ఫవలోరో. ఆయన అంతకుముందు తన అర్జెంటీనా దేశంలో పన్నెండేళ్ళు పల్లెటూరి డాక్టరు. మన దేశంలో 1975లో మద్రాసు పెరంబూరు రైల్వే ఆస్పత్రిలో డాక్టర్ చెరియన్ చేశారు.

బైపాసుకు ఎద ఎముకను నిలువునా కోస్తారు. వినడానికి భయంగానే ఉంటుంది. మనిషికి మాత్రం తెలియదు, మత్తులో ఉంటాడు. కొందరికి గుండెను ఆపి, ఆ పని మిషనుకు అప్పగిస్తారు. కొందరికి గుండె కొట్టుకుంటుండగానే కుడతారు. వారం రోజులు ఆస్పత్రిలో ఉంటారు. ఎముక అతకడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అప్పటిదాకా బిందె, బియ్యం మూట, చంటిపిల్ల, ఏదీ ఎత్తకూడదు. దగ్గు వస్తే దిండును ఎదకు అదుముకుని దగ్గాలి. మగవాళ్ళకు ఇంట్లో మనం చేసి పెడతాం. మనకు ఆపరేషనైతే ఎవరు చేస్తారు? ఇది ఆస్పత్రికి వెళ్ళే ముందే ఇంట్లో తేల్చుకోండి. పదిహేనో రోజునే పొయ్యి ముందు కూర్చున్న ఆడవాళ్ళను నేను చూశాను.

మరి స్టెంటా, బైపాసా? ఒకటి రెండు నాళాలైతే ఎక్కువగా స్టెంటు. షుగరు ఉండి మూడు నాళాల్లోనూ పూడిక ఉంటే బైపాసే మేలని 2012లో ఒక పెద్ద పరిశీలన తేల్చింది. కోత అంటే భయపడి నాలుగైదు స్టెంట్లు వేయించుకోవడం తెలివైన పని కాదని నా అభిప్రాయం. వయసు మీరి, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవాళ్ళకు లెక్క మారుతుంది. అది డాక్టరే చెప్పాలి. రోగం నిలకడగా ఉంటే రెండో డాక్టరును అడగడం తప్పు కాదు. యాంజియోగ్రాం సీడీ, రిపోర్టు మీకిస్తారు. అడిగి తీసుకోండి.

ఆపరేషనుకు ముందు ఒక కాగితం ఇస్తారు. దాని మీద సంతకం పెట్టమంటారు. ఇన్నాళ్ళూ మనవాళ్ళు కళ్ళు మూసుకుని వేలిముద్ర వేశారు. మీకు ఇప్పుడు చదువు వచ్చింది. తెలుగు కాగితం అడగండి. ఏ ఆపరేషను, ఏ ప్రమాదం, కూడబలుక్కుని అయినా చదవండి. వార్డులో పదిమంది చూస్తున్నా సిగ్గుపడకండి. "ఇది ఈ రాత్రే చేయాలా, వారం ఆగవచ్చా?" అని అడగండి. జవాబు విన్నాకే సంతకం.

డబ్బుకు వడ్డీవ్యాపారి దగ్గరికి పరుగెత్తకండి. పుస్తెలు తాకట్టు పెట్టకండి. 2007 నుంచి ఆరోగ్యశ్రీ ఉంది. తెలంగాణలో ఇప్పటికీ ఆ పేరే. ఆంధ్రలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. పథకంలో ఉన్న ఆస్పత్రిలో దాని కోసమే ఒక బల్ల, ఒక మనిషి ఉంటారు. కార్డు పట్టుకుని ముందు అక్కడికి వెళ్ళండి.

స్టెంటు వేశాక రెండు రకాల మాత్రలు ఇస్తారు. రక్తం గడ్డ కట్టకుండా అవి కాపాడతాయి. నొప్పి లేదు కదా అని మానేస్తే స్టెంటులోనే గడ్డ కడుతుంది. పళ్ళు పీకించుకోవాలన్నా గుండె డాక్టరును అడగకుండా ఆపకూడదు. ఒకామె మాత్రల పేర్లు తనే క్యాలెండరు వెనక రాసి, గోడకు కొట్టింది. వేసుకున్న రోజు ఒక గీత గీస్తుంది. అక్షరాలు వంకరే. ఒక్క పూట కూడా తప్పలేదు.

ఇక మీరు అడగండి. ఆ వెనక కూర్చున్న పెద్దమ్మా, ఇందాకటి నుంచి మీరేదో అడగబోతున్నారు.