ఫోన్‌లో తెలియని సంగతులు

ఫోన్ చేస్తే అమ్మానాన్నలు "మాకేం, బాగానే ఉన్నాం" అనే అంటారు. అందుకే సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ముందు వంటగది చూడండి. అడుగంటి మాడిన గిన్నెలు, ఫ్రిజ్‌లో పాచిపోయిన కూర ఉన్నాయా? పూటపూటకీ పచ్చడి మెతుకులేనా? బీపీ మాత్రలు నెలాఖరుకీ సగం మిగిలాయంటే మరుపు కావచ్చు, చూపు ఆనకపోవడమూ కావచ్చు. నాన్న గోడ పట్టుకుని నడుస్తుంటే స్నానాలగదిలో ఆసరాకి కడ్డీ వెంటనే బిగించండి. ఈ వయసులో తుంటి విరిగితే మళ్లీ లేచి తిరగడం చాలా కష్టం. ఉన్నట్టుండి తికమకగా మాట్లాడుతుంటే వయసు మీద పడిందని వదిలేయకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినా, ఒంట్లో సోడియం తగ్గినా అలా అవుతుంది. ఆ రోజే డాక్టరుకు చూపించాలి. సాయానికి మనిషిని పెట్టేముందు అమ్మానాన్నలనూ అడగండి, అది వాళ్లిల్లు. సలహా కావాలంటే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కి ఉచితంగా ఫోన్ చేయవచ్చు.