ఉక్కు టోపీలు - వానిని ధరించినవారు

మన ఇండ్లలో ఇత్తడి బిందెలమీద, కంచు చెంబులమీద పేర్లు చెక్కించు ఆచారము చాల కాలమునుండి ఉన్నది. అమ్మమ్మ పేరున్న చెంబు సొట్టపడినను దానిని పాత సామానులవానికి వేయుటకు చేతులు రావు. అదే లోహముతో, అదే తూకముతో చేసిన వేరొక చెంబునకు ఆ మర్యాద లేదు. పేరు చేరినంతనే వస్తువు జ్ఞాపకమగును. యుద్ధములో సైనికులు ధరించిన ఉక్కు టోపీలను సేకరించువారిలో ఒక వర్గమువారికి ఈ చిన్న సత్యమే ఆధారము. టోపీ చేజిక్కినంత మాత్రమున వారికి తృప్తి కలుగదు. దానిని ధరించిన మనుష్యుడెవరో తెలియవలెను. వారి పని ఎట్టిదో, అందులోని చిక్కు ఎక్కడ ఉన్నదో శ్రోతలకు విన్నవింపదలచితిమి.

ఆధునిక యుద్ధముల ఉక్కు శిరస్త్రాణము 1915 లో పుట్టినది. మొదటి ప్రపంచయుద్ధమున కందకములలో నిలిచిన సైనికులకు పైనుండి పడు గుండ్ల తునకలవలన తలగాయములు మిక్కుటముకాగా, ఫ్రెంచివారు ఆడ్రియన్ టోపీని, ఆంగ్లేయులు బ్రోడీ టోపీని ఆ సంవత్సరముననే తెచ్చిరి. జర్మనుల టోపీ 1916 లో వచ్చెను. అమెరికా సైన్యము 1941 లో ఎమ్-1 అను నమూనాను స్వీకరించెను. పైన మాంగనీసు కలిపిన ఉక్కు చిప్ప, లోపల తలకు పట్టు తేలికైన లైనరు, ఈ రెండును కలిసి సుమారు 1.3 కిలోగ్రాములు తూగును. డిట్రాయిట్ నగరమున మెక్కార్డ్ కంపెనీ, సెయింట్ లూయీ నగరమున ష్లూటర్ కంపెనీ యుద్ధకాలమున సుమారు 2 కోట్ల 20 లక్షల చిప్పలను తయారుచేసినవి. సైనికునికి అది యుద్ధమున కవచము, శిబిరమున గిన్నె. దానిలోనే నీరు పోసికొని ముఖము కడుగుకొనెడివాడు, గడ్డము గీసికొనెడివాడు.

ఒకే అచ్చున పోసినట్లున్న ఇన్ని టోపీలలో తనది ఏదో సైనికునికి తెలియవలెను గదా! అందులకు వారు వాడిన ఉపాయము మనకు కొత్తది కాదు. బట్టల మూలన సిరాతో వేయు చాకలిగుర్తు వంటిదే అది. వారును దానిని ఆ పేరుతోనే పిలిచిరి. సైనికుని ఇంటిపేరులోని మొదటి అక్షరము, అతని సైనికసంఖ్యలోని చివరి నాలుగంకెలు - గుర్తు ఇంతే. బట్టలమీద, సంచులమీద, కొన్ని వేళల టోపీలోని లైనరుమీద ఇది కానవచ్చును.

సామాన్య సైనికుని పూర్తి సంఖ్యకు ఎనిమిది అంకెలు. మొదటి అంకె 1 అయినచో అతడు స్వచ్ఛందముగా చేరినవాడు. 3 అయినచో నిర్బంధసేవకు పిలువబడినవాడు. రెండవ అంకె అతడు చేరిన ప్రాంతమును తెలుపును. 31 తో మొదలగు సంఖ్య న్యూ ఇంగ్లండు రాష్ట్రములనుండి పిలువబడినవానిది. పూర్తి సంఖ్య దొరకినచో పని సులభము. అమెరికా జాతీయ పత్రభాండాగారమువారు సుమారు 90 లక్షల మంది చేరిక వివరములను ఎవరైనను కంప్యూటరులో వెదకుకొనునట్లు ఉంచినారు. అధికారులు సామాన్యముగా ఇందు కానరారు. సంఖ్యను చూపినచో పేరు వచ్చును. పుట్టిన సంవత్సరము, నివాసమున్న జిల్లా, చదువు, పూర్వవృత్తి, పెండ్లియైనదో లేదో కూడ తెలియును. అంతవరకు ఇనుపచిప్పగా ఉన్నది, ఒక్క క్షణములో, బడిచదువు మానుకొని పొలముపని చేయుచుండిన ఇరువదియేండ్ల యువకుడు కావచ్చును.

నాలుగంకెలు మాత్రమే ఉన్నచో చిక్కు మొదలగును. నాలుగంకెలతో ఏర్పడు సంఖ్యలు పదివేలు. 90 లక్షల మందిని పదివేల పాళ్లుగా పంచినచో పాలికి తొమ్మిదివందల మంది వత్తురు. వారిలో ఇంటిపేరు తొలి అక్షరము కలియువారిని ఏరినను, సాధారణముగా కొన్ని పదులమంది మిగులుదురు. టోపీ వారిలో ఒక్కనిది. ఆ ఒక్కడును ఈ పట్టికలో ఉండునను నమ్మకము లేదు.

ఇక్కడ టోపీయే సాక్ష్యమీయవలెను. చిప్పలోపల ముందువైపున ఉక్కు విడతసంఖ్య అచ్చొత్తబడియుండును. గడ్డపుపట్టీ తగిలించు కొంకీలు మొదట కదలనివి. 1943 లో కదలునవి వచ్చెను. చిప్ప అంచుపట్టీ అతుకు 1944 చివరిభాగమున ముందునుండి వెనుకకు మారెను. కావున వెనుక అతుకుగల టోపీని 1944 జూన్‌లో నార్మండీ తీరమున మరణించినవాడు ధరించియుండజాలడు. దళముల చిహ్నములును సాయపడును. ఆకాశమార్గమున దిగు 101వ డివిజనువారు టోపీల ప్రక్కల పేకముక్కల గుర్తులు వేసికొనిరి: 506వ రెజిమెంటునకు ఇస్పేటు, 502వ దానికి ఆటీను, 501వ దానికి డైమను, 327వ గ్లైడరు రెజిమెంటునకు కళావరు.

ఇంత చేసినను తొందరపడరాదు. టోపీ ఒకే తలపై నిలిచియుండునని చెప్పజాలము. గాయపడినవాని టోపీ మరమ్మతై మరియొకనికి చేరవచ్చును. చిప్ప ఒకనిది, లైనరు వేరొకనిది కావచ్చును. ఈ నమూనా కొరియా, వియత్నాం యుద్ధములలోను సాగి, 1980 దశకమున కెవ్లార్ టోపీ వచ్చువరకు నిలిచెను. పాత చిప్పలకే కొత్త రంగు వేసి మరల వాడిరి. పైగా పేరున్న టోపీకి ధర హెచ్చు. ధర ఉన్నచోట కూటసృష్టి తప్పదు. సజ్జనునికి పేరు చూపు పట్టికయే మోసగానికిని పేరు అందించును. అరిగిన రంగుమీద, గీతలకు పైగా వ్రాసిన అక్షరములు కనబడినచో సేకర్త అనుమానింపవలెను.

సైన్యమువారి దస్త్రములు చూచినచో తేలిపోవును గదా యని శ్రోతలు అడుగవచ్చును. 1973 జూలై 12న సెయింట్ లూయీలోని సైనిక దస్త్రాలయమున అగ్నిప్రమాదము సంభవించి, 1 కోటి 60 లక్షలు మొదలు 1 కోటి 80 లక్షల వరకు దస్త్రములు నాశనమయ్యెను. 1912 నవంబరు మొదలు 1960 జనవరి మొదటి తేదీ వరకు ఆర్మీని వీడినవారి దస్త్రములలో నూటికి 80 పాళ్లు అందు పోయినవి. వానికి నకళ్లు లేవు. మిగిలినవి దళముల దినసరి నివేదికలు, జనాభా లెక్కల కాగితములు, వార్తాపత్రికల మరణవార్తలు, చివరకు ఆ మనుష్యుని నోటిమాట. ఆ నోటిమాటయే వేగముగా తరిగిపోవుచున్నది. రెండవ ప్రపంచయుద్ధమున పనిచేసిన అమెరికన్లు 1 కోటి 60 లక్షలకు పైబడినవారు. 2024 నాటికి సజీవులు సుమారు 66,000 మంది యని అక్కడి మాజీ సైనికుల శాఖ లెక్క.

కాలము తక్కువయగుకొలది ఆత్రము పెరుగును. ఆత్రములో 'కావచ్చును' అన్నది 'అగును' గా మారును. ఊహించిన పేరును టోపీకి కట్టినచో అన్యాయము ఇద్దరికి జరుగును: నిజముగా ధరించినవాడు మరుగున పడును, ధరింపనివాని ఇంటివారు కానిదానిని కన్నులకద్దుకొందురు. మంచి సేకర్త తనకు తెలిసినదానిని, ఊహించినదానిని వేర్వేరు గడులలో వ్రాసికొనును. కుటుంబము దొరకినచో ముందు వారి అనుమతి పొందును. వారు మాటలాడ ఇష్టపడనిచో అంతటితో ఆగును. పదిమందిలో ఎవరిదో తేలని టోపీకి 'తెలియదు' అని చీటీ కట్టి ఉంచుటకు పేరు కనుగొనుటకు వలసినంత నిగ్రహమే వలయును.

ఈ విచారణ దూరదేశపు టోపీలకే పరిమితము కానక్కరలేదు. మొదటి ప్రపంచయుద్ధమున పనిచేసిన భారతీయ సైనికులకు ఇచ్చిన బ్రిటిష్ వార్ మెడల్ అను వెండి పతకము అంచున సైనికుని సంఖ్య, పేరు, దళము చెక్కబడియున్నవి. అట్టిది ఎవరి పాతపెట్టెలోనైన ఉండవచ్చును. వెండి ధరకు తూచి ఇచ్చివేయుటకు ముందు, దానిని వెలుతురున పట్టి అంచును ఒక్కసారి చదువవలసినదిగా కోరుచున్నాము.