క్రొత్త క్లచ్చి – తొలిదినముల యోపిక



ఈ సాయంకాలమున నేను మీతో ముచ్చటింపబూనిన విషయము మోటారుకారు క్లచ్చి. వ్యాకరణము, ఛందస్సు చెప్పుకొని బ్రతికిన బడిపంతులునకు క్లచ్చితో నేమి పని యని మీలో కొంద ఱనుకొనవచ్చును. ఒక పొరపాటు చేసిన పిమ్మట నాకా పని కలిగినది. నేడు మన గ్రామములలో కార్లు, ట్రాక్టర్లు లేని వీధి యరుదు. నా పొరపాటు మీ యింట జరుగకుండుటకే యీ నాలుగు మాటలు.

మొదట క్లచ్చి యనగా నేమో చెప్పెదను. ఇంజను నడచుచున్నంతసేపు దానితోపాటు ఒక బరువైన యినుపచక్రము తిరుగుచుండును. దానిని ఫ్లైవీలందురు. దాని కెదురుగ, గేరుపెట్టెకు చలనము నందించు పలుచని బిళ్ల యొకటి యుండును. అదియే క్లచ్చిప్లేటు. దాని రెండు ముఖములకును రాపిడికి తాళు పదార్థమును పొదిగియుందురు. ఈ బిళ్లను ఫ్లైవీలునకు గట్టిగ నదిమిపట్టునది ప్రెషరుప్లేటు. ఎడమకాలితో పెడలు త్రొక్కినచో ఆ పట్టు విడిపోవును. ఇంజను నడచును గాని బండి కదలదు. కాలు మెల్లగ వదలినకొలది పట్టు బిగిసి చక్రములకు చలనము చేరును. ఆ వదలుచున్న క్షణములలో తిరుగుచున్న ఫ్లైవీలును, నిలిచియున్న బిళ్లయు జాఱుచు నొకదానినొకటి ఒరసికొనును. ఒరపిడి యున్నచోట వేడి యుండును. చిక్కంతయు నా వేడిలోనే యున్నది.

మన యిండ్లలోని తిరుగలిని జ్ఞప్తికి తెచ్చికొనుడు. క్రొత్తగ కక్కు కొట్టించిన తిరుగలిలో మన పెద్దలు వెంటనే పిండి విసరెడివారు కారు. గుప్పెడు తవుడు పోసి త్రిప్పి, రాయి రాతితో కుదిరిన పిమ్మటనే ధాన్యము పోసెడివారు. క్లచ్చి యెడలను న్యాయ మిట్టిదే. క్రొత్తబిళ్ల కంటికి సమముగ కనబడినను దానిలో సూక్ష్మమైన మిట్టపల్లము లుండును. మొదట మిట్టలు మాత్రమే ఫ్లైవీలునకు తగులును. వేడియంతయు నా కొద్దిచోట్లనే చేరును. మెల్లగ ననేక పర్యాయములు పట్టి విడిచినచో మిట్ట లరిగి ముఖమంతయు సమముగ తగులును. అట్లుగాక తొలినాడే పెద్దబరువు వేసినచో, ఆ పదార్థమును కూర్చిన జిగురు వేడికి పైకుబికి, ముఖ మద్దమువలె మెఱయును. మెఱసిన బిళ్లకు పట్టు తఱుగును. పట్టు తఱిగిన జాఱును. జాఱిన మఱింత వేడెక్కును.

2018వ సంవత్సరము వేసవిలో నా పాత అంబాసిడరు కారునకు క్రొత్త క్లచ్చి వేయించితిని. మేస్త్రీ తాళపుచెవి నా చేతికిచ్చుచు, "మాస్టారూ, ప్లేటు కొత్తదండి. వెయ్యి కిలోమీటర్లు తిరిగేదాకా బరువెయ్యకండి, కొండెక్కించకండి" అనెను. అట్లేయని తలయూచితిని. మూడవనాడు బంధువులు వచ్చిరి. ఏడుగురము కూర్చుండి సింహాచలము కొండకు బయలుదేరితిమి. ఎగుడుదారిలో ముందున్న బస్సు పలుమాఱు లాగుచుండ, నేను చేతిబ్రేకు వేయక, సగము వదలిన క్లచ్చితోనే కారును నిలిపి పట్టుచుంటిని. మాడువాసన కొట్టెను. ప్రక్కన నేదో చెత్త కాల్చుచున్నారని నా భార్యతో నంటిని.

పండ్రెండుదినములు గడచెను. ఒకరాత్రి మా పొరుగు రైతు కుమార్తెకు నొప్పులారంభమయ్యెను. పుట్టింటికి తొలికాన్పునకు వచ్చిన పిల్ల. అంబులెన్సు దూరమునుండి రావలసియుండెను. ఎదురుపోయి పెద్దరోడ్డుపై కలిసికొనుట మేలని తలచి, పిల్లను నా కారులో నెక్కించుకొంటిని. ఊరివెలుపలి చెరువుగట్టు నెక్కునపుడు ఇంజను బొబ్బలు పెట్టెను గాని కారు ముందునకు సాగలేదు. నలుగురు దిగి నెట్టిరి. నెట్టుచున్న తండ్రి కిటికీకడకు వచ్చి, "బండి ఎల్తాదా మాస్టారూ?" యని యడిగెను. నాయొద్ద సమాధానము లేకపోయెను. చివరకు ఒక ట్రాక్టరు వచ్చి త్రాడుకట్టి గట్టెక్కించెను. దైవానుగ్రహమున తల్లియు బిడ్డయు క్షేమముగ బయటపడిరి. ఆ పిల్లవాడిప్పుడు బడికి పోవుచున్నాడు.

మేస్త్రీ బిళ్ల నూడదీసి నా చేతిలో పెట్టెను. అద్దమువలె మెఱయుచుండెను. ఫ్లైవీలుపై కాలిన నీలిమచ్చలు గలవు. అతడేమియు ననలేదు, అనవలసినది ముందే యనియుండెను.

కావున క్రొత్త క్లచ్చి వేయించినవారు గమనింపవలసిన సంగతులు చెప్పెదను. బిళ్లను మార్చునపుడే ఫ్లైవీలు ముఖమును చూపించి, గాట్లుగాని మచ్చలుగాని యున్నచో సరిచేయింపుడు. నూనెయు గ్రీజును బిళ్లకు సోకరాదు. పాతబండ్ల బిళ్లలలో ఆస్బెస్టాసు ఉండవచ్చును. ఆ ధూళి యూపిరితిత్తులకు హానికరము గాన దానిని నోటితో నూదకుడు. తొలి దినములలో తేలిక బరువుతో ఊరి వీధులలో నడపుడు. ఈ గడువును 500 మొదలు 1000 కిలోమీటర్ల వఱకు చెప్పుదురు. అయితే దూరముకంటె క్లచ్చి పట్టి విడిచిన పర్యాయములే ముఖ్యము. పెద్దరోడ్డుపై ఒకే గేరులో నూఱుమైళ్లు పోయినను బిళ్ల కుదురుకొనదు. ఎల్లప్పుడు మొదటిగేరులోనే కదలింపుడు. ఇంజనును రొదపెట్టింపక కాలు మెల్లగ వదలి, బండి సాగినవెంటనే పెడలుపైనుండి కాలు పూర్తిగ తీయుడు. ఎగుడుదారిలో నిలిచినపుడు చేతిబ్రేకు వేయుడు. ఈ గడువులో వేఱొకబండిని లాగుట, నిండుబరువుతో కొండలెక్కుట మానుకొనుడు. మాడువాసన వచ్చినచో ప్రక్కకు నిలిపి చల్లారనిండు. ఒకసారి వాసన వచ్చినంతమాత్రమున బిళ్ల పోయినట్లు కాదు. నావలె దానిని చెత్తమంటపై నెట్టుట మాత్రము తప్పు.

ఆ రైతు నా కారు పాతదనియు, దోషము దానిదే యనియు తలచియుండెను. మఱునాడు వారింటికి పోయి యున్నమాట చెప్పితిని. ఆయన కొంతసేపూరకుండి, "కొత్త కోడెకి తొలిరోజే కంకరబండి కడతామా మాస్టారూ? మీకెవరూ సెప్పలేదా?" యనెను. చెప్పిరని యొప్పుకొంటిని.

మీకు నేడు నేను చెప్పితిని. ఇక సెలవు.